‘ఇక్కడ నేను క్షేమం’: యుద్ధం నుంచి వచ్చిన సిపాయి ఉత్తరాన్ని ఎలా చదవాలి

గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు ఊళ్ళలో పాత మిద్దె ఇళ్ళకు వెళితే, అటకమీదో మంచం కిందో ఒక నల్ల ట్రంకుపెట్టె కనిపిస్తూ ఉంటుంది. మూతమీద తెల్ల రంగుతో నంబరు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. ఇంట్లోవాళ్ళు దాన్ని ‘మిలిటరీ పెట్టె’ అంటారు. లోపల డిశ్చార్జి పుస్తకం, రిబ్బను రంగు వెలిసిన పతకాలు, ఒక ఉన్ని మఫ్లరు, అడుగున దారం చుట్టిన ఇన్‌ల్యాండ్ ఉత్తరాల కట్ట. 1965 నాటిదో 1971 నాటిదో ఒక ఉత్తరం చేతికి తగిలితే, యుద్ధంలోంచి రాసింది కదా అని మనవడు ఆత్రంగా విప్పుతాడు. ‘పూజ్యులైన నాయనగారి పాదములకు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను’ అని మొదలవుతుంది. వానలు పడ్డాయా, ఎర్రావు ఈనిందా, చెల్లెలి సంబంధం ఎంతవరకు వచ్చింది, పెద్దనాయన కాలినొప్పి తగ్గిందా అని అడుగుతుంది. పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు చెప్పి, ‘వెంటనే ఎదురుజాబు రాయవలెను’ అని అయిపోతుంది. తుపాకీ మోత ఎక్కడా వినపడదు. మనవడు దాన్ని మడిచి మళ్ళీ కట్టలో పెట్టేస్తాడు.

తెలుగు సిపాయి ఉత్తరాలు చాలావరకు ఈ రకంగానే ఉంటాయి. అందుకే వాటిని చరిత్రకు పనికొచ్చే కాగితాలుగా ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. ఇది పెద్ద పొరపాటు. ఆ ఉత్తరంలో యుద్ధం నిండా ఉంది. అది ఏ వాక్యాల వెనక ఉందో చూడటమే అలవాటు కావాలి.

మొదటి వాక్యం దగ్గరే ఆగుదాం. మామూలు రోజుల్లో ‘ఇక్కడ నేను క్షేమం’ అనేది పలకరింపు. గుంటూరులో చదువుకునే కొడుకు రాసినా అదే, నెల్లూరు నుంచి అల్లుడు రాసినా అదే. యుద్ధం జరుగుతున్నప్పుడు అదే వాక్యం వార్త అవుతుంది. ఉత్తరం మొత్తంలో ఇంటికి కావలసిన వార్త అదొక్కటే. అందుకే చదువురాని తల్లి, ఉత్తరం చదవడానికి వచ్చిన పిల్లవాణ్ణి ముందుగా అడిగే ప్రశ్న ‘ఏం రాశాడు’ అని కాదు, ‘ఏ తేదీ వేశాడు?’ అని. ఆ తేదీ నాటికి బతికి ఉన్నాడు, చేత్తో కలం పట్టుకోగలిగాడు. తర్వాతి రోజు సంగతి ఆ కాగితం చెప్పదు. రేడియోలో వార్తలు వింటున్న ఊరికి ఈ లెక్క బాగా తెలుసు. 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది. సరిహద్దు నుంచి ప్రకాశం జిల్లా పల్లెకు ఉత్తరం చేరడానికి వారం, పది రోజులు పట్టే కాలం అది. అంటే యుద్ధం మొదటి వారం చివర రాసిన ఉత్తరం చేరేసరికి యుద్ధమే అయిపోయేది. ‘క్షేమం’ అన్న మాట చదువుతున్నప్పటికే పాతబడిపోయి ఉండేది. అయినా ఆ మాటనే పట్టుకుని ఇల్లు అన్నం తినేది.

ఒకే ఉత్తరాన్ని విడిగా చదివితే ఈ సంగతి కనపడదు. కట్ట మొత్తాన్ని తేదీల వరసలో పేర్చాలి. నెలకు రెండు చొప్పున వచ్చే ఉత్తరాలు ఒకచోట ఐదారు వారాలు ఆగి, ఆ తర్వాత నాలుగు వాక్యాల పొట్టి ఉత్తరం ఒకటి వచ్చి ఉంటే, ఆ ఖాళీయే యుద్ధం. ఆ పొట్టి ఉత్తరంలో చేతిరాత ఎలా ఉంది, ఎప్పుడూ సిరాతో రాసేవాడు పెన్సిలుతో ఎందుకు రాశాడు, ఎప్పుడూ ఇంగ్లీషు తేదీ వేసేవాడు తేదీ ఎందుకు మర్చిపోయాడు అని చూడాలి.

కాగితాన్ని కూడా చూడాలి. స్వతంత్ర భారత తపాలా శాఖ 1950 అక్టోబరు 2న ఇన్‌ల్యాండ్ ఉత్తరాన్ని తెచ్చింది. పోస్టుకార్డును దారిపొడుగునా ఎవరైనా చదవవచ్చు. కవరుకు ఖర్చెక్కువ. మడిచి అంటించే ఈ నీలి కాగితం రెండింటికీ మధ్య కుదిరింది. సైనికుల కోసం ప్రత్యేకంగా తపాలా ఖర్చు లేని ‘ఫోర్సెస్ లెటర్’ కూడా ఉండేది. ఏదైనా చోటు కొంచెమే. లోపలి పెద్ద భాగం క్షేమసమాచారాలకు, పొలం సంగతులకు సరిపోతుంది. అసలు చెప్పాలనుకున్నది తరచుగా చివరికి మిగిలిపోయి, మడిచే చిన్న రెక్కమీదికో, పక్క అంచుల్లో అడ్డంగా తిప్పి రాసిన సన్నని అక్షరాల్లోకో చేరుతుంది. ‘అమ్మను బెంగ పెట్టుకోవద్దని చెప్పండి’ అనే వాక్యం ఉత్తరం నడుమ కనపడటం అరుదు, అంచులోనే ఉంటుంది. కష్టమేమిటంటే, జిగురు అంటించిన అంచును ఆత్రంగా చింపినప్పుడు పోయేవి కూడా ఆ మాటలే. పాత కట్టల్లో అంచు చిరిగి, సగం తెగిన అక్షరాలు మిగిలిన ఉత్తరాలు చూస్తే, ఆ ఇంట్లో దాన్ని ఎంత తొందరగా విప్పారో తెలుస్తుంది.

ఇక ఉత్తరంలో ఏం రాయకూడదు అన్నది. సిపాయి తాను ఎక్కడున్నాడో రాయకూడదు. యూనిట్ ఎటు కదులుతోందో, పక్కన ఏ పల్టన్ ఉందో, ఎవరు పోయారో రాయకూడదు. చిరునామాలో కూడా ఊరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ (ఆర్మీ పోస్టాఫీసు) లేదా ‘కేరాఫ్ 99 ఏపీఓ’. మొదటిది ఢిల్లీలోని సైనిక తపాలా కేంద్రం ద్వారా, రెండోది కలకత్తా కేంద్రం ద్వారా చేరే టపా. ఉత్తరంమీద పడే ముద్రలో కూడా ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే ఉంటుంది, స్థలం పేరు ఉండదు. యూనిట్ కాశ్మీరు నుంచి పంజాబుకు మారినా ఇంటివాళ్ళు రాసే చిరునామా మారదు. కంభం పక్క పల్లెలో ఉన్న తండ్రికి కొడుకు ఉన్న చోటు ఒక అంకె మాత్రమే. 56 అంటే పడమర, ఉత్తరం వైపు. 99 అంటే తూర్పు వైపు. ఊళ్ళో రిటైరైన మిలిటరీ పెద్దాయన ఒకరుంటే, ఆ అంకె చూసి ‘పైనున్నాడు, చలి ప్రాంతం’ అని చెప్పేవాడు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

ఈ మూసివేత మన దగ్గర కొత్తగా వచ్చింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన భారతీయ సిపాయిల ఉత్తరాలను బులోన్ పట్టణంలో ఒక సెన్సారు కార్యాలయం పరిశీలించేది. ముఖ్యమైనవాటిని ఇంగ్లీషులోకి అనువదించి నివేదికలు తయారుచేసింది. ఆ నివేదికలు నేటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. విచిత్రమేమంటే, అప్పటి సిపాయిల గొంతు మనకు మిగిలింది ఎక్కువగా ఆ సెన్సారు పుణ్యమే. ఇళ్ళకు చేరిన అసలు ఉత్తరాలు వానకు తడిసి, చెదలు తిని పోయాయి. ఆపడానికి కూర్చున్నవాళ్ళు తీసిన నకళ్ళు నిలిచాయి. సిపాయిలు కూడా ఊరుకోలేదు, చాటుమాటలు కనిపెట్టారు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అనే ధోరణిలో రాసిన ఉత్తరాలు ఆ నివేదికల్లో ప్రసిద్ధం. నల్ల మిరియాలంటే భారతీయ సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సిపాయిలు. వంటింటి సరుకుల మాటున, మనవాళ్ళు ఎంతమంది చచ్చిపోతున్నారో ఇంటికి చెప్పారన్నమాట. మిరప పండించే ఈ సీమలో ఆ ఉత్తరం చదివి ఉంటే ఎవరైనా ముందు ధర గురించే ఆలోచించేవారు, ఆ తర్వాత గుండె గుభేలుమనేది.

ఆ ఉత్తరాల్లో తెలుగు గొంతు తక్కువ. దానికీ కారణముంది. కంపెనీ కాలంలో మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు. ఉత్తర హిందుస్థానంలో సిపాయికి ‘తిలంగా’ అనే పేరే స్థిరపడిపోయింది. 19వ శతాబ్దం చివర బ్రిటిషువాళ్ళు ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం పట్టుకుని పంజాబు, నేపాలు వైపు తిరిగారు. దక్షిణాది భర్తీ బాగా తగ్గిపోయింది. మళ్ళీ తలుపులు తెరుచుకున్నది రెండో ప్రపంచ యుద్ధంలో, సైన్యం ఇరవై అయిదు లక్షలకు పెరిగినప్పుడు. అప్పటి ఉత్తరాల్లో భయం దారి తిరగబడింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలమీద బాంబులు వేశాయి. మద్రాసు నగరం ఖాళీ అయింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఉన్న కోస్తా సిపాయికి తన ప్రాణం కంటే, కడలి ఒడ్డునున్న ఇల్లు ప్రమాదంలో పడింది. ఆ తర్వాత బియ్యం కరువు. ఆనాటి సెన్సారు నివేదికలు కూడా, సిపాయిలు తిండిగింజల ధరల గురించి, ఇంట్లోవాళ్ళ ఆకలి గురించి పదేపదే రాస్తున్నారని గుర్తించాయి.

ఇలా తిరగబడటం ఈ తీరానికి తర్వాత కూడా తప్పలేదు. 1989 నవంబరులో కావలి దగ్గర పెనుతుఫాను తీరం దాటినప్పుడు భారత సైన్యం ఇంకా శ్రీలంకలోనే ఉంది. జాఫ్నాలో ఉన్న నెల్లూరు జవానుకు తుపాకులకంటే రేడియో వార్తే భయం. ‘మీ క్షేమం వెంటనే తెలపండి’ అనే వాక్యం అటునుంచి ఇటు వచ్చింది.

అయితే సర్కారు సెన్సారు ఒక్కటే ఉత్తరాన్ని అదుపు చేసిందనుకుంటే సగమే చెప్పినట్టు. రెండో సెన్సారు ఊళ్ళోనే ఉంది, అది ఇంకా గట్టిది. 1971 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 24.57 శాతం. నలుగురిలో ముగ్గురికి చదువు రాదు. మెట్ట పల్లెల్లో, ఆడవాళ్ళలో ఇంకా తక్కువ. కాబట్టి ఉత్తరం వచ్చిందంటే అరుగుమీద చదివించుకోవాల్సిందే. చదివేది టపా మనిషో, బడి అయ్యవారో, ఏడో తరగతి పిల్లవాడో. వినేది ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళు, దారిన పోయేవాళ్ళు. ఆ సంగతి రాసేవాడికి తెలుసు. తన మాట తల్లి చెవిలో పడేలోపు పదిమంది నోళ్ళలో పడుతుందని తెలిసినవాడు ‘నిన్న రాత్రి పక్కవాడు పోయాడు, నాకు నిద్ర పట్టలేదు’ అని ఎలా రాస్తాడు? చదివే పిల్లవాడు ఆ వాక్యం దగ్గర ఆగిపోతే తల్లి ఏమైపోతుంది?

మరీ కష్టం భార్యకు రాయడం. తండ్రి పేరున వచ్చే ఉత్తరంలో భార్య ప్రస్తావన ఒక్క ముక్క: ‘మీ కోడలి ఆరోగ్యం ఎలా ఉన్నది?’ లేదా ‘ఇంట్లో అందరినీ అడిగినట్టు చెప్పండి’. ఆ ‘అందరి’లో ఆమె ఉంది. పెళ్ళయి ఆరు నెలలకే సరిహద్దుకు వెళ్ళినవాడి ఉత్తరంలో, మామగారు గట్టిగా చదివించుకుంటుంటే తలుపు వెనక నిలబడి వింటున్న కోడలికి దక్కిన మాట అది. కొందరు తెలివిగా చిన్న మరదలి పేరునో, చదువుకునే తమ్ముడి పేరునో వేరే ఉత్తరం రాసి, అందులో ఒక వాక్యం దాచేవారు. అందుకే మరదలికి, తమ్ముడికి రాసిన ఉత్తరాలను పక్కన పడేయకూడదు. అసలు ఉత్తరం అందులోనే ఉండొచ్చు.

భాష కూడా ఒక తెర వేసింది. తెలుగులో ‘మంచు’ ఒక్కటే మాట. ధనుర్మాసంలో తెల్లవారుజామున గడ్డిమీద పడేదీ మంచే, పెన్నా ఒడ్డున దారి కనపడకుండా కమ్మేదీ మంచే, కార్గిల్ దగ్గర ద్రాస్ కొండలమీద నడుంలోతు పేరుకునేదీ మంచే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ తప్ప చలి ఎరగని నెల్లూరు తల్లికి, కొడుకు ‘ఇక్కడ మంచు బాగా పడుతున్నది’ అని రాస్తే ఏం కనపడుతుంది? సంక్రాంతి ముందు పొద్దుటిపూట చెరువుగట్టు కనపడుతుంది. ‘తలకు తుండుగుడ్డ చుట్టుకో అబ్బయా, పొద్దున్నే బయట తిరగబాక’ అని జవాబు రాయిస్తుంది. 1962లో చైనా సరిహద్దున మన సిపాయిలు చాలామంది నూలు బట్టలతో, కాన్వాసు బూట్లతో హిమాలయాల్లో నిలబడ్డారు. 1984 ఏప్రిల్ నుంచి సియాచిన్‌మీద కాపలా ఉంది, అక్కడి చలి సున్నాకు నలభై డిగ్రీల కిందకు పోతుంది. కార్గిల్‌లో టైగర్ హిల్ ఎత్తు 16,000 అడుగుల పైమాట. కాలివేళ్ళు నల్లబడి రాలిపోయే ఆ చలికి, మంచం పక్కన కుంపటి పెట్టుకునే చలికి తెలుగులో ఒకటే మాట కావడం ఆ తల్లికి మేలే చేసింది. సిపాయి అబద్ధం ఆడలేదు, నిజమే రాశాడు. మాట మధ్యలో నిలబడి ఆమెను కాపాడింది. ఇప్పుడు చదివే మనం మాత్రం ఆ మాటను అంత తేలికగా దాటిపోకూడదు.

ఉత్తరంలో ఎక్కువ చోటు తినేవి పొలం పనులు, బాకీలు. ఇవి విసుగనిపిస్తాయి కానీ, అసలు పాఠం ఇక్కడే ఉంది. పశ్చిమ ప్రకాశం వానదేవుణ్ణి నమ్ముకున్న మెట్ట. కంభం చెరువు కింద నాలుగు ఎకరాలు తడుస్తాయేమోగానీ, మిగతా అంతా జొన్న, సజ్జ, కంది. కనిగిరి, పొదిలి, కందుకూరు వైపు పొగాకు. ఇక్కడి కుర్రవాళ్ళు సైన్యంలో చేరడం వెనక దేశభక్తి ఎంత ఉందో, వరసగా రెండేళ్ళు వానలు తప్పడం కూడా అంత ఉంది. ఆ సంగతి చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అలా వెళ్ళినవాడు బంకరులో కూర్చుని కంది గుంటక తోలారా లేదా అని అడిగితే, ఆ ప్రశ్న వెనక ఉన్నది పంటమీది ఆత్రం ఒక్కటే కాదు. రెండు నిమిషాలు తన పొలం గట్టున నిలబడుతున్నాడు.

మామూలు రోజుల ఉత్తరంలో పొలం సంగతి ప్రశ్నగా ఉంటుంది. యుద్ధం దగ్గరపడే కొద్దీ అది ఆజ్ఞగా మారుతుంది. ‘కంది వేశారా?’ అన్నవాడు ‘ఈసారి పంట డబ్బుతో ముందు ఫలానావారి బాకీ చెల్లు చేయండి, నోటు వెనక్కి తీసుకోండి’ అంటాడు. ‘చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారా?’ అన్నవాడు ‘నా లీవు కోసం చూడవద్దు, ముహూర్తం పెట్టుకోండి’ అంటాడు. తమ్ముణ్ణి బడి మాన్పించవద్దంటాడు. ఇలాంటి వాక్యాలు రెండు మూడు ఒకే ఉత్తరంలో వరసగా కనిపిస్తే అక్కడ ఆగాలి. ఆ మనిషి తాను లేని ఇంటిని సర్దుతున్నాడు. చావు అనే మాట రాయలేదు. ‘లీవు కోసం చూడవద్దు’ అన్న దాంట్లోనే అంతా చెప్పాడు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సిన ఉత్తరం ఒకటుంది. కార్గిల్‌లో 1999 జూన్ 28న అమరుడైన మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజపుతానా రైఫిల్స్. హైదరాబాదులో స్థిరపడిన కుటుంబం. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. పోరులోకి వెళ్ళే ముందు తండ్రికి రాసిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది, దేశమంతా చదివింది. ప్రాణనష్టం గురించి దిగులుపడవద్దనీ, పోరాడే అవకాశం రావడం గౌరవమని అమ్మకు చెప్పమనీ రాశాడు. కడుపుతో ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమన్నాడు, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు రావాలని. అభిమన్యుడి కథ తెలిసిన ఇళ్ళలో ఆ వాక్యం ఎలా తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. చదువుకున్న అధికారి, చదువుకున్న తండ్రికి, మధ్యలో మరొకరు చదివే అవసరం లేకుండా రాసుకున్న ఉత్తరం కాబట్టి చావును సూటిగా ఎదురుగా పెట్టి మాట్లాడగలిగాడు. మెట్ట పల్లె సిపాయికి ఆ వీలు లేదు. రాసేవాడి గుండె ధైర్యంలో తేడా లేదు, అరుగుమీద వినేవాళ్ళ సంఖ్యలో ఉంది. పుట్టబోయే బిడ్డకు కథ చెప్పమన్నదీ, తమ్ముడి చదువు మాన్పించవద్దన్నదీ ఒకే చేతి రాత.

ఉత్తరానికి పోటీ తంతి. పల్లెలో టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. మరణవార్త దానిమీదే వచ్చేది. తంతి ఒకటి రెండు రోజుల్లో చేరితే, ఉత్తరానికి పది రోజులు. కాబట్టి తంతి వచ్చి, కర్మకాండ మొదలైన ఇంటికి, ఆ తర్వాత ‘ఇక్కడ నేను క్షేమం’ అంటూ ఉత్తరం రావడం జరిగేది. ఒక్కొక్కప్పుడు రెండు. టపా మనిషికి అంతకంటే బరువైన ఉత్తరం ఉండదు. చావు కబురు తెచ్చిన కాగితాన్ని ఇంట్లోకి తేకుండా చదివి చింపేయడం మన ఆచారం. చచ్చిపోయినవాడు క్షేమంగా ఉన్నానని రాసిన కాగితాన్ని ఏం చేయాలో ఏ ఆచారమూ చెప్పలేదు. అది పెట్టెలోకి వెళ్ళింది.

పెట్టెలో ఉన్న కట్టకు తేదీలు లేకపోతే ఎలా? తేదీ చిరిగిపోయినా, ముద్ర అలుక్కుపోయినా చిరునామా నిలుస్తుంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల చిరునామాలు పంచాంగంలా పనిచేస్తాయి. కందుకూరు ఊరునే తీసుకుందాం. 1970 ఫిబ్రవరి 2 దాకా అది నెల్లూరు జిల్లా. ఆ రోజు నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా ఏర్పాటు చేశారు. 1972 డిసెంబరులో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనలో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాకు వెళ్ళింది. కాబట్టి కందుకూరు ఉత్తరంమీద ‘ఒంగోలు జిల్లా’ అని ఉంటే అది దాదాపుగా ఆ మూడేళ్ళలోపుదే. 1971 యుద్ధం సరిగ్గా ఆ నడుమ పడింది. గిద్దలూరు, మార్కాపురం ఉత్తరంమీద ‘కర్నూలు జిల్లా’ అని ఉంటే 1970కి ముందుది, అంటే 1962దో 1965దో కావచ్చు. పేరు మారినా చాలాకాలం పాతదే రాసే అలవాటు ఉంటుంది కాబట్టి దీన్ని ఇంకో గుర్తుతో సరిచూసుకోవాలి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. చిరునామాలో 523తోనో 524తోనో మొదలయ్యే ఆరంకెలు ఉంటే ఆ తేదీ తర్వాతిదే. సైనిక తపాలా పిన్‌కోడ్ 9తో మొదలవుతుంది. ‘మద్రాసు రాష్ట్రం’ అని ఉంటే 1953 అక్టోబరుకు ముందుది. లోపల డబ్బు అణాల్లో, బేడల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందు, ‘నయా పైసలు’ అని ఉంటే 1964 వరకు. రంగు వెలిసిన ఒక ఇన్‌ల్యాండ్ కాగితం ఏ యుద్ధానిదో తేల్చడానికి ఈ నాలుగు గుర్తులు చాలాసార్లు సరిపోతాయి.

ఇంత చదివినా మన చేతిలో ఉన్నది సగం సంభాషణే. ఇంటినుంచి వెళ్ళిన జాబులు ఎక్కడున్నాయి? సిపాయి కదులుతూ ఉంటాడు. వీపుమీది సంచిలో పట్టినన్నే ఉంచుకుంటాడు. ముందుకు కదలమని ఆజ్ఞ వస్తే ఉత్తరాలు చించి, కాల్చి వెళ్ళాలి, శత్రువు చేతికి చిరునామా కూడా చిక్కకూడదు కాబట్టి. తల్లి అడిగినవి, భార్య చెప్పుకోలేకపోయినవి, తండ్రి దాచిన అప్పులు అన్నీ అలా బూడిదయ్యాయి. అవి ఉన్నా అందులోనూ రాసినవాడి గొంతే ఎక్కువ వినపడేది. అత్త ఎదుట కూర్చుని బడి అయ్యవారితో మొగుడికి ఉత్తరం రాయించే పిల్ల ఏం చెప్పగలదు?

ఈ గోడ కొంత బద్దలైంది నెల్లూరు జిల్లాలోనే. 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో పగలంతా కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు రాత్రి బడిలో కూర్చున్నారు. దూబగుంటలో అక్షరాలతో పాటు సారాయి పాఠమూ చదివి, సారా దుకాణాలు మూయించారు. రాష్ట్రమంతా ఆ ఉద్యమం వ్యాపించింది. దాన్ని సారా పోరాటంగానే చెప్పుకుంటాం, అది ఉత్తరాల చరిత్ర కూడా. ఎనిమిదేళ్ళ తర్వాత కార్గిల్ వచ్చింది. జమ్ముకాశ్మీరుకు సెల్‌ఫోన్ 2003లోగానీ చేరలేదు, కాబట్టి అది ఉత్తరాలమీద నడిచిన మన ఆఖరి యుద్ధం. అప్పటికి ఆ జిల్లాలో తన ఉత్తరం తాను కూడబలుక్కుని చదువుకోగల తల్లులు, భార్యలు ఉన్నారు. వంకరటింకర అక్షరాలతో సొంతంగా ఒక వాక్యం రాయగలిగినవాళ్ళూ ఉన్నారు. భార్య స్వయంగా చదువుతుందని తెలిసినవాడి ఉత్తరం వేరుగా ఉంటుంది. ఆ ఇళ్ళలో ఉత్తరాలుంటే వాటిని ముందుగా కాపాడాలి.

కాపాడటం అంటే లామినేషన్ చేయించడం కాదు. ఆ వేడికీ ప్లాస్టిక్‌కీ పాత కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదీయడానికి వీలుండదు. మడతలు మెల్లగా విప్పి, రెండు వైపులా, అంచులతో, ముద్రతో సహా ఫోటోలు తీసుకోవాలి. మడతలమీద సెలోటేపు అంటించకూడదు. ఉత్తరంలో ‘పెద్దబ్బాయి’, ‘ఎగువింటివాళ్ళు’ అని ఉన్నది ఎవరో, ఫలానా బాకీ ఏమిటో చెప్పగలిగిన పెద్దామె ఇంకా ఇంట్లో ఉంటే, ఆమె చెబుతుండగా వేరే కాగితంమీద రాసి ఆ ఉత్తరానికి జత చేయాలి. ‘దీనికి నువ్వు ఏం జవాబు రాయించావు?’ అని కూడా అడగాలి. పోయిన సగం దొరికే చోటు ఆమె జ్ఞాపకమే.

ఇంకొక చోటు కూడా ఉంది. సిపాయి జీతంలో కొంత నెలనెలా మనియార్డరుగా ఇంటికి వచ్చేది. ఆ ఫారం కింద చిన్న కూపను ముక్కమీద రెండు వాక్యాలు రాసేందుకు వీలుండేది. అది ఇంట్లో ఉంచుకునేది. డబ్బు ముట్టినట్టు సంతకం చేసిన రసీదు మాత్రం పంపినవాడికి తిరిగి వెళ్ళేది. కార్గిల్‌కు ముందు యుద్ధాల్లో పోయినవాళ్ళకు చాలావరకు అక్కడే అంత్యక్రియలు చేసి, సామాను ఇంటికి పంపేవారు. అలా తిరిగొచ్చిన ట్రంకుపెట్టెల్లో వెతికితే, బట్టల కింద మనియార్డరు రసీదులు కొన్ని దొరుకుతాయి. సంతకం చోట నీలి సిరాలో తల్లి ఎడమచేతి బొటనవేలి ముద్ర.